ధింసా వీడియోకు ఎన్ని ఎంబీలు: పాడేరు ఐటీడీఏకు బహిరంగ లేఖ

పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు అధికారి గారికి, గిరిజన సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు,

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ మండలాల గిరిజనుల ఆటపాటలను, కథలను, భాషలను వీడియోలుగా తీయించే ప్రతి ఒప్పందంలోనూ, ఎడిటింగ్ ముగిశాక తుది ఫైలు ఎలా ఉండాలో స్పష్టంగా రాయించాలని కోరడం ఈ లేఖ ఉద్దేశం. ‘ఫుల్ హెచ్‌డీలో ఇవ్వాలి’ అన్న ఒక్క వాక్యం అందుకు చాలదు. ఫుల్ హెచ్‌డీ అన్న మాట బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో చెబుతుందే తప్ప, ఆ చుక్కల్లో అసలు దృశ్యం ఎంతవరకు మిగిలిందో చెప్పదు.

ఫైలు పరిమాణాన్ని నిర్ణయించేది బిట్‌రేటు, అంటే ఒక్కో సెకను దృశ్యానికీ శబ్దానికీ కలిపి వెచ్చించే బిట్ల సంఖ్య. దాన్ని వీడియో నిడివిలోని సెకన్లతో గుణించి, బైటుకు 8 బిట్లు కనుక 8తో భాగిస్తే ఫైలు ఎంత వస్తుందో ముందే తెలిసిపోతుంది. సెకనుకు 10 మెగాబిట్ల చొప్పున తీసిన 6 నిమిషాల ధింసా నాట్యం 450 ఎంబీలు అవుతుంది. అదే నాట్యాన్ని అదే ఫుల్ హెచ్‌డీలో 2 మెగాబిట్లకు కుదిస్తే 90 ఎంబీలకు దిగుతుంది. చుక్కల సంఖ్య రెండింటిలోనూ ఒకటే కాబట్టి, పైన రాసిన ఒప్పంద వాక్యాన్ని రెండు ఫైళ్లూ నెరవేర్చినట్టే లెక్క.

ఆ కుదింపు లోపల జరిగేదేమిటో తెలిస్తే అరకు దృశ్యాలకు ప్రత్యేక శ్రద్ధ ఎందుకు కావాలో అర్థమవుతుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మ ఒక్కదానిలో 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు మూడు బైట్ల వంతున, సెకనుకు 25 బొమ్మల వంతున కుదించకుండా దాచితే ఆ 6 నిమిషాలకే దాదాపు 56 జీబీలు కావాలి. అంత భారాన్ని తగ్గించే గణిత పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 ఈ కోవలోవే. కోడెక్ ప్రతి బొమ్మనూ పూర్తిగా రాయదు. ముందు బొమ్మలో ఉన్నదాన్నే తిరిగి వాడుకుంటూ, కదిలిన భాగం ఎటు కదిలిందో, కొత్తగా ఏం మారిందో మాత్రమే నమోదు చేస్తుంది. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషికి ఈ పద్ధతిలో చాలా కొద్ది బిట్లు సరిపోతాయి. ధింసాలో అలా కుదరదు: ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని మహిళలు వరుసగా వలయం తిరుగుతుంటే, పాదాలు, చీర అంచులు, కాళ్ల కింద లేచే ధూళి అన్నీ ప్రతి బొమ్మలోనూ కొత్తవే. బిట్లు చాలనప్పుడు మొదట చెదిరిపోయేవి ఆ పాదాలే, నేర్చుకునే పిల్లలకు ముఖ్యంగా కనబడవలసినవీ అవే. మాడగడ కొండ మీద తెల్లవారుజామున మరో చిక్కు ఎదురవుతుంది: మంచు తెలుపు నుంచి బూడిద రంగుకు మెల్లగా మారే చోట, చాలీచాలని బిట్‌రేటు ఆ మార్పును మెట్లు మెట్లుగా విరగ్గొట్టి చారలు చేస్తుంది. బొర్రా గుహల చీకటిలో కెమెరా పుట్టించే రేణువుల్లాంటి మచ్చలైతే క్షణానికో తీరున మారుతూ, ఏ ప్రయోజనమూ లేకుండా బిట్లను మింగేస్తాయి.

శబ్దం విషయంలో పొదుపు అనవసరం. సెకనుకు 192 కిలోబిట్ల శబ్దం 6 నిమిషాలకు 9 ఎంబీలు కూడా దాటదు. ఆ కాస్తా మిగుల్చుకోవాలని కోస్తే మోరి వాద్యం ఊపిరి, అందెల గలగల, తుడుము దెబ్బ మసకబారతాయి. కువి, గుతోబ్ గదబ భాషల మాటల్లోని సూక్ష్మ ధ్వనులు కూడా స్పష్టత కోల్పోతాయి. మాట్లాడేవారు తగ్గిపోతున్న భాషకు ఆ రికార్డింగే రేపటి పాఠ్యపుస్తకం కనుక, బొమ్మ చిన్నదైనా ఫరవాలేదు గాని శబ్దాన్ని తగ్గించకూడదు.

అయితే పెద్ద ఫైలు ఒక్కటే పరిష్కారం కాదు. సిగ్నల్ సరిగా అందని కొండ మీది ఆశ్రమ పాఠశాలకు 450 ఎంబీల ఫైలు చేరడమే కష్టం. అలాగని అదే 6 నిమిషాలను, ఉదాహరణకు, 16 ఎంబీలలో ఇరికించాలంటే దృశ్యశబ్దాలు రెండింటికీ కలిపి సెకనుకు దక్కేది సుమారు 355 కిలోబిట్లు. ఫుల్ హెచ్‌డీలో అది ముక్కలు ముక్కలైన బొమ్మనే ఇస్తుంది. అలాంటప్పుడు చుక్కల సంఖ్యను తగ్గించడమో, నాట్యాన్ని ఒక్కో అడుగుగా విడగొట్టి చిన్న చిన్న ఫైళ్లు చేయడమో మేలు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఆ యాప్ ఫైలును మళ్లీ కుదిస్తుంది. 2022 నుంచి 2 జీబీల వరకు వీలున్న డాక్యుమెంట్ పద్ధతిలో పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. కుదించిన ప్రతిని మళ్లీ కుదించిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది, పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

కాబట్టి ప్రతి ఒప్పందంలోనూ మూడు ప్రతులు కోరాలి: కెమెరాలోని అసలు ఫైళ్లు, వాటినుంచి ఎడిట్ చేసి ఎక్కువ బిట్‌రేటుతో తీసిన మూలప్రతి, ఆ మూలప్రతి నుంచే నేరుగా తీసిన పాఠశాలల ప్రతి. కోడెక్ పేరు, బిట్‌రేటు, శబ్దం కొలత కాగితం మీద ఉండాలి. పాత కంప్యూటర్లు హెచ్.265ను ఆడించలేక తడబడతాయి గనుక పాఠశాలల ప్రతి హెచ్.264లోనే ఉండాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీలు, ఆపైన ఉన్న ఫైలును తీసుకోదు కాబట్టి, మూలప్రతులు దాచే డ్రైవులను ఎక్స్‌ఫ్యాట్‌లో సిద్ధం చేయించి, ఒకటి పాడేరులోనూ మరొకటి వేరే ఊళ్లోనూ ఉంచాలి. కెమెరా కార్డులు తుడిచేయడానికి ముందే, చివరి బిల్లు చెల్లించడానికి ముందే, ఈ మూడు ప్రతులనూ తెరిచి, ఆడిన మహిళలకూ పాడినవారికీ చూపించి, పాదాలు కనబడుతున్నాయో లేదో, మాట వినబడుతోందో లేదో వారిచేతనే చెప్పించాలి.

ఇట్లు,
అరకులోయ గిరిజన కళల, భాషల శ్రేయోభిలాషులు