శాస్త్రపాఠము – ఇంటిపని

బడిలో చెప్పిన పాఠము బడిలోనే ముగియదు. విద్యార్థి యింటికి వచ్చి, విన్నదానిని తలచుకొని, చూచి, చేసి, వ్రాసినప్పుడే యది యతని సొమ్మగును. ఈ మాట అన్ని పాఠములకును చెల్లునదే యైనను సామాన్యశాస్త్రమునకు మఱింత చెల్లును. పద్యమును వల్లించినచో పద్యము వచ్చును. ఎక్కమును వల్లించినచో ఎక్కము వచ్చును. లోలకమును గూర్చిన వాక్యమును నూఱుమారులు వల్లించినను లోలకము తెలియదు. దానిని వ్రేలాడదీసి, ఊపి, చూడవలెను.

అయినను నేడు పెక్కిండ్లలో జరుగుచున్నది వేఱు. రాత్రి భోజనమైన పిమ్మట విద్యార్థి పుస్తకము తెఱచును. ప్రశ్నకు జవాబు గైడులో సిద్ధముగా నుండును. లేదా ఫోను నడిగినచో క్షణములో చెప్పును. అన్న చెప్పగా తమ్ముడు వ్రాయును. పువ్వు పటమును తండ్రి గీయును. రంగులు అక్క వేయును. మఱునాడు ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టును. ఉపాధ్యాయునకు తృప్తి, తండ్రికి తృప్తి, విద్యార్థికి నిశ్చింత. పని పూర్తియైనది, పాఠము మాత్రము రాలేదు. ఎరువుసొమ్ము బరువుచేటని పెద్దలు చెప్పిన మాట యిట్టి జవాబులకు చక్కగా వర్తించును. పరీక్షనాడు ఆ సొమ్మిచ్చినవారు ప్రక్క నుండరు.

శాస్త్రమున ఇంటిపని యనగా నాలుగు పనులు: చూచుట, కొలుచుట, వ్రాయుట, యోచించుట. ఈ నాలుగింటిని తనంత తాను చేసినవాడు ఎంతవాడగునో తెలుపుటకు మైకేల్ ఫారడే జీవితము చాలును. అతడు 1791లో ఇంగ్లండు దేశమున ఒక కమ్మరి యింట జన్మించెను. బడిచదువు స్వల్పము. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొనుచు, అట్ట కట్టుటకు వచ్చిన గ్రంథములనే చదువుకొనెడివాడు. 1812లో లండను నగరమున రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ యను శాస్త్రవేత్త చేసిన ఉపన్యాసములను వినెను. విన్నదానిని పటములతో సహా మరల వ్రాసి, తానే అట్ట కట్టి, డేవీకి పంపెను. 1813లో ఆ సంస్థలోనే సహాయకుడుగా చేరెను. అయస్కాంతమును కదల్చుటవలన తీగలో విద్యుత్తు పుట్టించవచ్చునని 1831లో నిరూపించెను. నేటి విద్యుత్కేంద్రములలోని జనరేటర్లు ఆ సూత్రము మీదనే నడచుచున్నవి. ఆ యువకునకు ఎవరును ఇంటిపని నీయలేదు. తనకు తానే యిచ్చుకొనెను.

చూచుట, కొలుచుట యెట్టివో ఒక చిన్న పనిలో తెలిసికొనవచ్చును. ఒక రాతిని దారమునకు కట్టి, కొక్కెము మొదలు రాతి నడిమి వఱకు నూఱు సెంటీమీటర్లుండునట్లు వ్రేలాడదీసి, కొంచెముగా ఊపవలెను. అది యిటునటు పోయి తిరిగి వచ్చుట ఒక డోలనము. ఇరువది డోలనములకు సుమారు 40 సెకనులు పట్టును. దారమును సగము చేసినచో కాలమును సగమగునని తోచును. కాని ఏబది సెంటీమీటర్ల దారమునకు 20 సెకనులు కాక సుమారు 28 సెకనులు పట్టును. కాలము సగము కావలెనన్నచో దారమును నాలుగవవంతు, అనగా 25 సెంటీమీటర్లు చేయవలెను. ఈ వింతను పుస్తకమున చదివినవాడు మఱచిపోవచ్చును. తన చేతితో చేసి, తాననుకొన్నది కాకపోవుటను చూచినవాడు మఱచిపోడు.

ఇచ్చట ఒక ధర్మసూక్ష్మము కలదు. ఇద్దఱు విద్యార్థు లీ పని చేసిరనుకొందము. ఇద్దఱికిని 42 సెకనులు వచ్చినవి. పుస్తకమున 40 అని యుండుట చూచి మొదటివాడు 42ను కొట్టివేసి 40 వ్రాసెను. రెండవవాడు 42 అనియే వ్రాసి, దాని క్రింద “దారము కొలుచునప్పుడు ముడి లెక్కకు రాలేదేమో, మరల చూడవలెను” అని చేర్చెను. మొదటివాని జవాబు పుస్తకముతో సరిపోయినది, రెండవవానిది సరిపోలేదు. అయినను శాస్త్రము నేర్చినవాడు రెండవవాడే. మొదటివాడు కంటితో చూచినదానిని చేతితో చెఱిపివేయుట నేర్చుకొనెను. ఈ యలవాటు బాల్యమున అంకెలతో మొదలై, పెద్దతనమున మందుల తూకములోను, వంతెనల లెక్కలలోను ప్రవేశించినచో దాని ఫలము నితరులు అనుభవింపవలసి వచ్చును. కావున శాస్త్రమున ఇంటిపని తెలివికి పరీక్ష యగుటకంటె ముందు సత్యమునకు పరీక్ష.

“అందఱి యిండ్లలోను ప్రయోగశాలలు లేవు, చదువుకొన్న తల్లిదండ్రులును లేరు, పేదపిల్లలు ఈ పనుల నెట్లు చేయుదురు?” అని కొంద ఱడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని ఎనిమిదవ తరగతి శాస్త్రమునకు వంటయిల్లు చాలవఱకు సరిపోవును. పసుపునీటిలో ముంచి ఆరబెట్టిన కాగితముపై బట్టలసబ్బు నీటిని ఒక చుక్క వేసిన అది ఎఱ్ఱబారును. ఆ యెఱుపుమీద నిమ్మరసము వేసిన మరల పసుపుపచ్చ యగును. క్షారమునకును ఆమ్లమునకును గల భేదము కానిఖర్చు లేక కనబడును. పసుపుమరక సబ్బు తగిలి ఎఱ్ఱనగుట బట్టలుతుకు తల్లికి క్రొత్త సంగతి కాదు. దానికి కారణము చెప్పుటయే పాఠము చేయు పని.

అట్లే రెండు గిన్నెలలో గోరువెచ్చని పాలు సమానముగా పోసి, రెంటికిని ఒక్కొక్క చెంచాడు పెరుగు తోడు వేసి, ఒకదానిని వెచ్చని చోటను, రెండవదానిని చన్నీటి పళ్లెరములోను ఉంచి చూడవలెను. వెచ్చని చోట నున్నవి ముందు తోడుకొనును. పాలు ఒకటే, తోడు ఒకటే, గిన్నెలు ఒకటే. మారినది వెచ్చదన మొక్కటియే. ఒక్కదానిని మార్చి తక్కినవానిని మార్చకుండుటయే ప్రయోగమునకు ప్రాణము. మరుగుచున్న పాలలో తోడు వేసిన పెరుగు కాదని చదువురాని తల్లియు నెఱుగును. ఆ వేడికి పెరుగులోని సూక్ష్మజీవులు చచ్చునని పుస్తకము చెప్పును. ఈ రెండు మాటలను కలుపువాడే విద్యార్థి. అయితే నిప్పుతోడి పనులను పెద్దల యెదుటనే చేయవలెను; ఇంటి విద్యుత్తుతోను, ఘాటైన ఆమ్లములతోను ఒంటరిగా ఆటలాడరాదు.

కావున పెద్దల సహాయమునకు పెద్ద చదువు అవసరము లేదు. జవాబు చెప్పుట సహాయము కాదు. ప్రశ్న వేయుట సహాయము. “ఏమి చూచితివి? ఏల అట్లయ్యెను? మఱియొకమారు చేసిన అట్లే యగునా?” అను మూడు ప్రశ్నలను ఏ తల్లియైనను, ఏ తాతయైనను వేయవచ్చును. తండ్రి గీసిన అందమైన పటముకంటె కుమారుడు గీసిన వంకరపటమే మేలు. అతడు పువ్వులో కేసరముల నెన్ని చూచెనో అది తెలుపును.

లెక్కల విషయమునను ఇట్టి జాగ్రత్తయే కావలెను. ఇచ్చిన దేమి, కనుగొనవలసిన దేమి, సూత్రమేది యని ముందు వ్రాసికొని, ప్రతి యంకె ప్రక్కను దాని ప్రమాణమును చేర్చవలెను. 50 గ్రాముల రాయి 20 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగించిన దాని సాంద్రత ఘన సెంటీమీటరునకు 2.5 గ్రాములు. తొందరలో చుక్క పెట్టుట మఱచినవానికి 25 వచ్చును. బంగారము సాంద్రతయే 19.3 కదా! వీథిలో దొరకిన రాయి బంగారముకంటె బరువైనదా యని ఒక్క క్షణ మాలోచించినచో తప్పు తనంతటనే బయటపడును. జవాబు వచ్చినంతనే పుస్తకము మూయక, అది లోకములో నుండదగిన జవాబేనా యని చూచుకొనుట మంచి విద్యార్థి లక్షణము.

కాలమును గూర్చియు ఒక మాట. రేపు చూపవలసిన పనిని నేటి రాత్రి మొదలిడుట శాస్త్రమున సాగదు. పెసలు మొలకెత్తుటను వర్ణింపుమన్నచో, వానిని నానబెట్టి తడిగుడ్డలో కట్టి, దినదినమును విప్పి చూచి, తేదీతో వ్రాసికొనవలెను. విద్యార్థికి తొందర కలదని విత్తనము త్వరపడదు. పని యిచ్చిన నాడే మొదలుపెట్టి, దినమున కొక పావుగంట కేటాయించినవానికి కడపటి రాత్రి జాగరణ మక్కఱలేదు.

ఉపాధ్యాయులకును ఇందు భాగము కలదు. పుస్తకములో నున్న వాక్యములనే తిరిగి వ్రాయు పది ప్రశ్నలకంటె, ఇంటిలో చేసి చూడదగిన ఒక్క ప్రశ్న విలువైనది. ఏబదిమంది పుస్తకములలో ఒకే జవాబు ఒకే మాటలలో నున్నచో అది మెచ్చుకొనదగిన సంగతి కాదు, అనుమానింపదగిన సంగతి. నిజాయితీతో వ్రాసిన తప్పును దండించినచో మఱునాడు అందఱును గైడునే ఆశ్రయింతురు.

ఫోనును, గైడును బొత్తిగా ముట్టరాదని కాదు. తెలియని పదమునకు అర్థము వెదకుటకును, తాను చేసినదానిని సరిచూచుకొనుటకును అవి పనికివచ్చును. ముందు తన యత్నము, తరువాత వాని సహాయము. ఈ వరుస తప్పరాదు. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న సి. వి. రామన్ 1921లో సముద్రయానము చేయుచు మధ్యధరా సముద్రపు నీలవర్ణమును చూచెను. ఆకాశపు నీలమే నీటిపై ప్రతిఫలించుచున్నదని గొప్ప శాస్త్రవేత్త యైన రేలీ అంతకుముందే చెప్పి యుండెను. రామన్ ఆ సిద్ధమైన జవాబుతో తృప్తిపడక, వెంటనున్న చిన్న పట్టకముతో ఆ ప్రతిఫలించిన కాంతిని తొలగించి చూచెను. నీలవర్ణము పోలేదు. నీరే కాంతిని వెదజల్లుచున్నదని తెలిసికొనెను. ఆ పరిశోధన సాగి సాగి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితముగా బయల్పడి, 1930లో నోబెల్ బహుమానమును తెచ్చినది.

ప్రతి విద్యార్థియు రామన్ కాకపోవచ్చును, కానక్కఱలేదు. కాని సిద్ధముగా నున్న జవాబును ఒకమారు తన కంటితో సరిచూచుకొనుట ప్రతివానికిని సాధ్యమే. ఆ యలవాటు పడినవాడు పంటకు ఎరువు వేయునప్పుడును, రోగికి మందు ఇచ్చునప్పుడును, ఊరిలో పుట్టిన వదంతిని వినునప్పుడును, తొందరపడి నమ్మడు. చూచి, కొలిచి, యోచించి నమ్మును. మార్కులు ఒక యేడాదితో ముగియును. ఈ యలవాటు జీవితాంతము తోడుండును. ఇంటిపనివలన కలుగు నిజమైన లాభ మిదియే.