ఈ వారం ముచ్చట: తొమ్మిది తొమ్మిదే!

అభిమాన తారకు లెక్కలు కట్టడం మనకేం కొత్త కాదు. ఎన్ని సెంటర్లు, ఎన్ని రోజులు, ఏ హాల్లోంచి ఏ హాలుకి మారింది... ఎక్కాలు రాని కుర్రాడు కూడా ఇవన్నీ గడగడా అప్పజెప్పేస్తాడు. అయితే ఆ లెక్కలో ఓ చమత్కారం ఉంది. మనవాడి బొమ్మ 99 రోజులాడితే 100 అనకుండా నోరు ఊరుకోదు! ఆ ఒక్క రోజూ అభిమానం కొద్దీ మనం కలిపేదే.

ఈ వారం ముచ్చట కూడా అలాంటి ఒక్క అంకె గురించే. కాకపోతే ఇది వెండితెర మీది సంగతి కాదు, సెల్‌ఫోన్‌లోది.

బైరెడ్డిపల్లెలో కలిసి పెరిగిన నలుగురు కుర్రాళ్ళున్నారనుకోండి. ఒకడికి బెంగుళూరులో ఉద్యోగం. ఒకడిది కుప్పంలో చదువు. ఒకడు మదనపల్లెలో అంగడి పెట్టాడు. నాలుగోవాడు ఊళ్ళోనే సేద్యం. నలుగురూ కలిసి మొదటి ఆటకు పరిగెత్తే రోజులు ఇక రావు. అందుకని రాత్రి పది దాటాక ఫోనులో చాట్ చేస్తూ రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడుకుంటారు. అంటే పాత్రల ఆటన్నమాట. ఒకడు దర్శకుడు, మిగతా ముగ్గురూ పాత్రధారులు. స్క్రిప్టు ఉండదు. కథ ఎటు పోవాలో 20 ముఖాల పాచిక చెబుతుంది.

ఈ ఆటల్లో పెద్దన్న 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చారు. ప్రతి పాత్రకూ ఆరు గుణాలు: బలం, చురుకు, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. తొలిరోజుల్లో మూడు మామూలు పాచికలు వేస్తే ఎంత పడితే అంత. 18 పడే యోగం 216లో ఒక్కసారే! 2014 నాటి అయిదో కూర్పులో మరో పద్ధతి కూడా ఉంది. చేతికి 27 పాయింట్లిస్తారు. అన్ని గుణాలూ 8 దగ్గర మొదలు. ఒక గుణాన్ని 15కి ఎక్కించాలంటే 9 పాయింట్లు ఖర్చు.

ఇక్కడే ఉంది తమాషా! 1957 నాటి 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుణ్ణి ఈ ఆటలోకి దింపుదాం. బలం 15, దారుఢ్యం 15, మాయలకు కావలసిన తెలివి 15. అంతే, 27 పాయింట్లూ హరీ! చురుకు, వివేకం, ఆకర్షణ మూడూ 8 దగ్గరే మిగిలాయి. "ఏమబ్బా, అంత మొనగాడికి వివేకం ఎనిమిదేనా?" అంటారా? అడవిలోకి వచ్చిన సుభద్రాభిమన్యులు తనవాళ్ళని తెలియక మీద పడ్డవాడు ఆయనే కదా! ఆ పొరపాటు లేకపోతే ఆ ఘట్టమే లేదు. అన్నీ 18లు ఉన్న హీరోకి కథ ఏముంటుంది చెప్పండి?

సరే, లెక్క సంగతి. గుణంలోంచి 10 తీసేసి, సగం చేసి, కింది అంకెకు దించాలి. 15కి ప్లస్ 2. 8కి మైనస్ 1. పాచిక పడ్డప్పుడల్లా ఆ అంకె కలుపుతారు. ఈ కూడికలన్నీ చేసిపెట్టడానికి అభిమానులే చాట్ బాట్‌లు రాసుకుంటారు. చాట్‌లో కూర్చున్న జీతం లేని గుమాస్తా అనుకోండి! డిస్కార్డ్ అనే చాట్ వేదిక 2015లో వచ్చాక వీటికి మంచి రోజులొచ్చాయి. అక్కడ పేరుపడ్డ 'అవ్రే' కూడా మొదట ఓ అభిమాని రాసిందే. తరువాత 'డి అండ్ డి బియాండ్' వాళ్ళు దాన్ని తమలో కలుపుకున్నారు.

మరి గుమాస్తా తప్పు చేస్తే? 9 ఇచ్చి చూడండి. 10 తీసేస్తే మైనస్ 1, సగం చేస్తే మైనస్ అర. కిందికి దించితే మైనస్ 1 రావాలి. పైథాన్ భాషలో రెండు గీతల భాగహారం అలాగే దించుతుంది. సి భాషలో పూర్ణాంకాల భాగహారమైతే ఆ అరను కత్తిరించి సున్నా చేతిలో పెడుతుంది. బాట్ రాసినవాడు ఇది చూసుకోకపోతే మన 9 కాస్తా 10తో సమానమైపోతుంది!

'ఒక్క అంకేగా' అనకండి. మన కుర్రాళ్ళ కథ కైగల్ జలపాతం దగ్గర నడుస్తోంది. పొదల వెనక ఏనుగుల గుంపు. అలికిడి పసిగట్టాలంటే 10 రావాలన్నాడు దర్శకుడు. పాచిక మీద సరిగ్గా 10 పడింది. పాత్ర వివేకం 9. లెక్క ప్రకారం మొత్తం 9, అంటే పసిగట్టలేదు. పొరపాటు బాట్ మాత్రం 10 అంటుంది! ఒకడికి తెలియకుండా సాయం అందింది. నిజాయితీగా పాయింట్లు పోసి వివేకం 10 కొనుక్కున్న పక్కవాడు వెర్రివాడయ్యాడు. ఆ సంగతి బయటపడ్డ రాత్రి ఆటా ఆగుతుంది, మాటా ఆగుతుంది. ఊళ్ళు వేరైనా నలుగురినీ కలిపి ఉంచింది ఆ ఒక్క ఆటే మరి!

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొత్త బాట్ దొరికితే ముందు మూడు అంకెలు అడగండి. 7కి మైనస్ 2, 9కి మైనస్ 1, 10కి సున్నా అందా, దాని మెడలో వీరతాడు వెయ్యండి. లేదంటే రాసినవాడికి మర్యాదగా చెప్పండి. కూలి లేకుండా చేసినవాడు, తిట్టకండి. దిద్దుకుంటాడు.

సినిమా హీరోకి ఓ రోజు ఎక్కువ వేసుకుంటే ఎవరికీ నష్టం లేదు. నేస్తాల ఆటలో మాత్రం తొమ్మిది తొమ్మిదే!