యూరియా బస్తాల గ్యాస్ ఉన్నది, ఆ గ్యాస్ ఓడల మీద వస్తున్నది



జర పెద్ద పోస్టు ఇది. నాట్లు అయిపోయినోళ్లు తీరిగ్గ చదవండి, కానోళ్లు రాత్రి పండే ముందట చదవండి.

కేంద్రం గ్యాస్ దిగుమతులు పెంచుతదని ఈ మధ్య పేపర్లల్ల, టీవీలల్ల ఒకటే ముచ్చట. మన హోటల్ కాడ చాయ్ తాగుకుంట ఒకాయన అన్నడు: "మనకేం పని అయ్యా, సిలిండర్ రేటు ఎంతైతదో చూస్కుంటె సరిపాయె." చానామంది గట్లనే అనుకుంటున్నరు. కాని సిలిండర్ల వచ్చేది ఎల్పీజీ, అది వేరే. ఈ ముచ్చట సహజ వాయువుది. అది మన పొయ్యి కాడికి తక్కువ, మన పొలం కాడికే ఎక్కువ వస్తది. ఎట్లంటరా? యూరియా బస్తాల కూసొని వస్తది.

యూరియా ఎట్ల తయారైతదో రెండు మాటలల్ల చెప్తా. సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీస్తరు. గాలిల ఉన్న నత్రజనిని దానికి కలిపితే అమ్మోనియా. ఆ అమ్మోనియాకు బొగ్గుపులుసు వాయువు కలిపితే యూరియా. నత్రజని గాలిల ఫుకట్ల దొరుకుతది, పైసలన్నీ గ్యాస్‌కే. కొత్త రకం ఫ్యాక్టరీల టన్ను యూరియా చేయాల్నంటె దగ్గర దగ్గర 550 నుంచి 600 ఘనపు మీటర్ల గ్యాస్ పడుతది. అంటే మన 45 కిలోల బస్తాకు 25 ఘనపు మీటర్లు. వేడి లెక్కన చూస్తె ఇంట్లకు వచ్చే సిలిండర్లు ఒకటిన్నర. ఐదెకరాల వరికి ఎకరానికి మూడు బస్తాల లెక్కన పదిహేను బస్తాలు చల్లిన రైతు, ఒక్క పంటకు ఇరవై రెండు సిలిండర్లంత గ్యాస్ మడిల పోసినట్టు. మనం ఇంట్ల ఏడాదికి అన్ని సిలిండర్లు కాలుస్తమా?

ఇప్పుడు అసలు సంగతి. దేశంల వాడే సహజ వాయువుల సగం దాకా బయటి దేశాలది. గ్యాస్‌ను సున్నా కింద 162 డిగ్రీలకు చల్లబరిస్తె నీళ్ల లెక్క అయితది, ఆరు వందల వంతుల్ల ఒక వంతుకు కుదించుకపోతది. దాన్నే ఎల్ఎన్జీ అంటరు. ఓడల్ల తెచ్చి, రేవు కాడ మళ్ల గ్యాస్ చేసి, పైపులల్ల పంపుతరు. మొదటి ఓడ 2004ల గుజరాత్‌ల దహేజ్‌కు ఖతార్ నుంచి వచ్చింది. ఇయ్యాల దేశంల యూరియా ఫ్యాక్టరీలు కాల్చే గ్యాస్‌ల పెద్ద భాగం గిట్ల ఓడల మీద వచ్చిందే. 2015ల కేంద్రం ఒక పద్ధతి పెట్టింది: ఇక్కడి సస్తా గ్యాస్, బయటి పిరం గ్యాస్ కలిపి, యూరియా ఫ్యాక్టరీలన్నిటికి ఒకటే రేటు. కాబట్టి ఖతార్‌ల రేటు పెరిగితె రామగుండానికి కూడ పెరిగినట్టే.

"మనకు బస్తా 266 రూపాయల 50 పైసలకే వస్తున్నది కదా, రేటు ఎవనికి పెరిగితె ఏంది" అని మీరు అడుగొచ్చు. నిజమే, మన జేబుకు తగలదు. సర్కారుకు తగులుతది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022ల విదేశం నుంచి తెచ్చిన బస్తా ఖర్చు రెండు వేలు దాటింది. ఆ ఏడాది, అంటే 2022-23ల, ఎరువుల సబ్సిడీ మొత్తం రెండున్నర లక్షల కోట్లు. సర్కారుకు తగిలిన దెబ్బ మనకు రేటు రూపంల రాదు, కొరత రూపంల వస్తది. లోడు ఆలస్యం, బస్తాల కోత, రెండు బస్తాలకు ఒక నానో సీసా అంటగట్టుడు, ఇవన్నీ ఆ దెబ్బ పిల్లలే.

2025 వానకాలం ఎవరు మర్చిపోతరు? సొసైటీల ముందట చెప్పులు లైన్ల పెట్టి, పాసుబుక్కు జిరాక్సులు రాయి కింద పెట్టి, తెల్లారక ముందె ఆడోళ్లు సుత వచ్చి నిలబడ్డ రోజులు. నల్లగొండల అదే కథ, పాలమూరుల అదే కథ. దానికి కారణం ఒకటి కాదు. చైనా తన యూరియా బయటికి పంపుడు తగ్గించింది. బయటి ఓడలు టైముకు రాలె. అదే సమయంల మన రామగుండం ప్లాంటు సాంకేతిక లోపంతోని కొన్ని రోజులు ఆగింది. వానలు మంచిగ పడి వరి, మక్క ఎక్కువ ఏసిండ్రు. అన్నీ ఒక్కసారి మీద పడ్డయి. పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నయి. మనం లైన్ల నిలబడ్డం.

రామగుండం ముచ్చట వచ్చింది కాబట్టి చెప్పాలె. చానామంది అడుగుతరు, "పక్కనే సింగరేణి ఉన్నది, బొగ్గుతోని యూరియా చేస్తె అయిపోతది కదా, అరబ్బు దేశాల కాళ్లెందుకు పట్టుకోవాలె?" ఆ పని మన దగ్గర చేసి చూసిండ్రు. పాత రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుదే. 1980ల మొదలైంది. యంత్రాలు సరిగ్గ నడవలె, కరెంటు కోతలు, నష్టాల మీద నష్టాలు, 1999ల మూతపడ్డది. ఇరవై ఏండ్లకు పైన ఆ గేటుకు తాళం. మళ్ల 2021ల తెరిచింది గ్యాస్ ఫ్యాక్టరీగ. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం, రోజుకు 3,850 టన్నులు. మన రాష్ట్ర సర్కారుకు సుత అందుల 11 శాతం వాటా ఉన్నది. గోదావరి జిల్లాల మల్లవరం నుంచి వచ్చే పైపులైను దానికి ప్రాణం. బొగ్గును గ్యాస్ చేసే పని ఒడిశాల తాల్చేర్‌ల మళ్ల మొదలుపెట్టిండ్రు. అయితె సంతోషమే. అది అయ్యేదాక మన చేతుల ఉన్నది గ్యాసే.

ఇంకొకరు అడుగుతరు, "మనకు కృష్ణా గోదావరి సముద్రంల గ్యాస్ లేదా?" ఉన్నది. 2009ల డీ6 బావుల నుంచి గ్యాస్ మొదలైనప్పుడు ఇగ కరువు తీరింది అన్నరు. మరుసటి ఏడు రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాక పోయింది. 2013-14 కల్ల నాలుగో వంతుకు పడిపోయింది. దాన్ని నమ్మి ఆంధ్రల కట్టిన కరెంటు ప్లాంట్లు పండపెట్టిండ్రు. సామర్లకోట ప్లాంటైతె గ్యాస్ రాక ఒక్కరోజు సుత నడవలె. బ్యాంకు అప్పులు మాత్రం నడిచినయి. బోరు పడ్డదని ఎగిరి పదెకరాలల్ల నాటు పెట్టి, మార్చి నెలల బోరు ఎండితె నెత్తి పట్టుకున్న రైతు కథ మనకు కొత్త కాదు గదా. 2020 ఆఖరు నుంచి కొత్త బావుల గ్యాస్ మళ్ల వస్తున్నది, కాని దేశం ఆకలికి అది చాలదు.

అందుకే నా మాట: దిగుమతి పెంచుడు తప్పు కాదు, పెంచాలె. గ్యాస్ వాటాను 2030 కల్ల 15 శాతం చేస్తమని కేంద్రం పెట్టుకున్న లక్ష్యం, ఇప్పుడున్నది ఆరేడు శాతమే, కాబట్టి అది అందుతదని నాకు నమ్మకం లేదు. అందినా అందకున్నా ఎరువు ఫ్యాక్టరీకి మాత్రం గ్యాస్ ఆగొద్దు. కాని ఎట్ల కొంటున్నరు, ఎవని దగ్గర కొంటున్నరు, ఎక్కడ దాస్తున్నరు అన్నదే అసలు లెక్క.

కొనుడుల రెండు తీర్లున్నయి. ఇరవై ఏండ్లకు ఒప్పందం చేస్కొని కొనుడు ఒకటి, అప్పటికప్పుడు బజార్ల కొనుడు ఇంకొకటి. మనం ఏడాది పాలు ఒక ఇంటి నుంచి మాట్లాడుకునుడు, చుట్టాలొచ్చిన రోజు దుకాణంల ప్యాకెట్ కొనుడు ఎట్లనో గట్ల. అప్పటికప్పుడు బజారు రేటు ఎంత ఆగమో చూడండి. కరోనా నాడు, 2020 ఎండాకాలంల, ఒక యూనిట్ రెండు డాలర్ల దగ్గరికి పడ్డది. రెండేండ్లకు 2022ల అదే యూనిట్ డెబ్బై డాలర్లు దాటింది. యూరప్ దేశాలు ఎంతైనా పెట్టి కొన్నయి, మనలాంటి దేశాలు చేతులు కట్టుకొని చూసినయి. ఒప్పందం ఉన్నా సుత పూర్తి భరోసా లేదు. రష్యా కంపెనీతోని మన గెయిల్‌కు ఉన్న ఒప్పందం సరుకు ఆ ఏడాది ఆగిపోయింది, ఎరువుల ఫ్యాక్టరీలకు గ్యాస్ తగ్గించాల్సి వచ్చింది.

ఇంకొక దిక్కు నుంచి చూడండి. ఒప్పందం రాసుకున్నంక ధర పడితె? 2015ల గదే అయింది. బజార్ల గ్యాస్ అగ్గువ అయింది, మన పెట్రోనెట్ ఖతార్‌కు పాత రేటు కట్టాలె. ఒప్పుకున్నంత సరుకు ఎత్తలేదు, దాదాపు 12 వేల కోట్ల జుర్మానా పడేది. ఆ ఏడాది ఆఖరు రోజు మాట్లాడుకొని జుర్మానా మాఫీ చేయించుకున్నరు, రేటు పన్నెండు పదమూడు డాలర్ల నుంచి ఏడు డాలర్ల లోపుకు దించుకున్నరు. అడిగితె తగ్గింది. అదే ఖతార్‌తోని 2024 ఫిబ్రవరిల గోవాల మళ్ల సంతకం చేసిండ్రు: ఏడాదికి 75 లక్షల టన్నులు, 2028 నుంచి 2048 దాక. ఈ పోస్టు చదివే పడుచు పిల్లలు వ్యవసాయంల ఉంటె, వాళ్లకు యాభై ఏండ్లు వచ్చేదాక ఆ కాగితం మీదనే మన యూరియా నడుస్తది. ఆ కాగితంల ధర లెక్క ఎట్ల ఉన్నదో పార్లమెంటుల అడిగిన మన ఎంపీ ఒక్కరైనా ఉన్నరా? ఓట్లప్పుడు అడుగుదాం.

ఖతార్ ఓడలన్నీ హార్ముజ్ అనే సన్న సందుల నుంచి రావాలె. ఒక దిక్కు ఇరాన్, ఇంకో దిక్కు ఒమన్. 2025 జూన్‌ల ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు కొట్టుకున్నప్పుడు ఆ సందు మూస్తరేమోనని ప్రపంచమంత వణికింది. జూన్ అంటే మనకు ఏ నెల? విత్తనాలు పడే నెల. ఒక్క బాట మీద ఇంత బరువు పెట్టుడు మంచిది కాదు. అమెరికా నుంచి 2018 నుంచి తెస్తున్నరు, బాట దూరం, కిరాయి ఎక్కువ, కాని హార్ముజ్ దాటాల్సిన పని లేదు. పిరమైనా కొంత భాగం గట్ల తెచ్చుడే మేలని నేనంటా.

తెచ్చింది దాచుకునేటందుకు సుత జాగ కావాలె. దేశంల పెద్ద రేవులన్ని పడమర దిక్కే ఉన్నయి. తూర్పున 2019ల తమిళనాడు ఎన్నూర్, 2023ల ఒడిశా ధామ్రా వచ్చినయి. నడుమ మన తెలుగు సముద్రం అంత ఖాళీ. కాకినాడల పెడ్తమన్నరు, గంగవరంల పెడ్తమన్నరు, పదేండ్లు దాటింది, ఏదీ రాలె. రామగుండానికి దగ్గరి రేవు కాకినాడే. దీని గురించి రెండు తెలుగు రాష్ట్రాలు నీళ్ల పంచాయితి పక్కకు పెట్టి ఒక్క మాట మీద అడగాలె. అడగరు, అది వేరే సంగతి.

గ్యాస్ ఎందుకు, సేంద్రియం చేస్కోండి అని సలహా ఇచ్చేటోళ్లు ఉన్నరు. ఎకరానికి నాలుగైదు బస్తాలు చల్లి, ఆకు నల్లగ నిగనిగలాడుతుంటె మురిసి, దోమపోటు, అగ్గితెగులు వచ్చినంక మందు డబ్బాలకు పరుగెత్తుడు మనకున్న రోగమే, కాదనను. జీలుగ, జనుము చల్లి దున్నితె ఒక బస్తా తగ్గుతది, పత్తిల కంది సాళ్లు వేస్తె భూమికి మంచిది. కాని పెంటకు పశువులేవి? ఊర్లె ఎడ్లు లెక్కపెడితె రెండు చేతుల వేళ్లు చాలు. యూరియా ఒక్కసారి బంద్ పెట్టి కడుపు నింపుకునే దేశం కాదు మనది. శ్రీలంక 2021ల రసాయన ఎరువులు ఒక్క దెబ్బకు ఆపింది, నెలల్లనే వెనక్కి తీసుకుంది.

ఇగ మన పొలం మీదికి నేరుగ వచ్చే ముచ్చట. దిగుమతి పెరిగితె పైపులైన్లు పెరుగుతయి. పైపు గాలిల పోదు, మన చెలకల కింద పోతది. కాకినాడ నుంచి గుజరాత్ దాక పోయే పెద్ద లైను ఇదివరకే తెలంగాణ మీదుగ ఉన్నది. దీనికి 1962ల చేసిన చట్టం ఉన్నది. దాని లెక్కన భూమి మన పేరు మీదనే ఉంటది, వాళ్లది వాడుకునే హక్కు మాత్రమే. పంట వేస్కోవచ్చు, కాని ఆ జాగల ఇల్లు కట్టొద్దు, బాయి తవ్వొద్దు, కుంట తవ్వొద్దు, చెట్టు పెట్టొద్దు. దానికి ఇచ్చే పరిహారం భూమి మార్కెట్ ధరల పది శాతం, పంట నష్టం వేరే. వరి చేనుకు ఇది నడుస్తదేమో. నల్లగొండ బత్తాయి తోటకు ఎట్ల నడుస్తది? ముప్పై ఏండ్లు ఉండాల్సిన తోట మధ్యల నుంచి లైను పోతె ఆ సాళ్లల్ల మళ్ల చెట్టు లేదు. బోరే పొలానికి ఆధారం అయిన పాలమూరు రైతుకు, బాయి తవ్వొద్దనే మాట చిన్నదా? చట్టం చేసినప్పటి పది శాతం ఇయ్యాల సరిపోదు, మార్చాలె. దేశానికి గ్యాస్ కావాల్నంటె దేశం పైసలు పెట్టాలె, రైతు ఒక్కడు కాదు.

భద్రత సంగతి సుత ఉన్నది. 2014 జూన్ 27న తూర్పుగోదావరి నగరంల గ్యాస్ పైపు పేలి, తెల్లవారక ముందె ఇరవై మందికి పైన కాలిపోయిండ్రు. ఊరి పక్కనుంచి, బడి పక్కనుంచి లైను పోతుందంటె ఊరంత కూసొని అడగాలె.

మీ సర్వే నంబరు గెజిట్ల పడితె, ఆ కాగితం జనానికి అందిన రోజు నుంచి 21 రోజుల లోపల అభ్యంతరం రాసి ఇయ్యొచ్చు. నోటితోని చెప్తె లెక్కల రాదు. రాసి, రసీదు తీస్కోండి. తోట ఉంటె ఎన్ని చెట్లు, ఎన్నేండ్లవి, బోరు ఎక్కడ ఉన్నది ఫోటోలు తీసి జత చేయండి. లైను ఇరవై గజాలు పక్కకు జరిపితె చెట్లు మిగులుతయి అనుకుంటె ఆ నక్ష సుత గీసి ఇయ్యండి. ఇప్పటికే లైను పోయిన ఊర్ల అన్నలు ఎవరైన ఉంటె, ఏ ఏడు ఎంత పరిహారం ఇచ్చిండ్రు, చెట్టుకెంత కట్టిండ్రు, ఇక్కడ రాయండి. వచ్చేటోళ్లు వట్టి చేతులతోని ఆఫీసర్ ముందట కూసోకుంట ఉంటరు.