రోడ్డు కారోళ్ల జాగీరా?

పాలమూరు నుంచి బతుకుదెరువుకు హైదరాబాదు పోయిన మనోళ్లు పొద్దున అడ్డా మీదికి ఎట్ల పోతున్నరు? నడిచి, లేదంటే సిటీ బస్సెక్కి. మరి పట్నంలో రోడ్లు ఎవరి కోసం వేస్తున్నారు?

మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్ కట్టి 2009లో తెరిచారు. విమానమెక్కేవాళ్లు శంషాబాదు తొందరగా చేరాలట! దాని మీదికి మోటార్ సైకిల్ రాకూడదు. నడిచేవాడు అసలే రాకూడదు. ఖర్చయింది మాత్రం సర్కారు సొమ్ము. అందులో అగ్గిపెట్టె కొన్న కూలివాడి పన్ను లేదా?

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ తీసేశారు. దాన్ని 'ఉచితం' అని ఎద్దేవా చేసే పెద్దమనుషుల్లారా, టోలు కట్టకుండా మీ కారు ఎక్కే ఆ ఫ్లైఓవర్ ఏంటిది? అది ఉచితం కాదా?

రోడ్డు మీద జాగా బండ్లకు కాదు, మనుషులకు పంచాలని 2006లో జాతీయ పట్టణ రవాణా విధానంలో కేంద్రమే రాసుకుంది. రాత కాగితం మీదే ఉంది. యాభై మంది ఉన్న బస్సు, ఒక్కడు కూర్చున్న కారు వెనక ఆగుతనే ఉంది. ఫ్లైఓవర్ మీద ఉరికిన కారు కూడా దిగిన కాడ మళ్లీ జాములోనే ఇరుక్కుంటది.

టికెట్ తీసేస్తే సరిపోదు, బస్సు రావాలి. బస్సుకు వేరే దారి కావాలి. నడిచేవాడికి ఫుట్‌పాత్ కావాలి. ఓట్లకొచ్చినోణ్ణి అడుగుదాం: ఫ్లైఓవర్లు ఎన్ని కట్టినవని కాదు, బస్సులు ఎన్ని పెంచినవని!