బస్తా బరువు ఒక్కటే

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తా మోసేది మన తండా అన్న కావచ్చు, బీహార్ కూలీ కావచ్చు. "వాళ్లొచ్చి రేటు చెడగొట్టిన్రు" అనే మాట సూర్యాపేట, కోదాడ అడ్డాల మీద కూడా మీరు వినే ఉంటరు. చెడగొట్టింది వాళ్లా, తక్కువకు పెట్టుకున్న యజమానా?

ఒకే పనికి వలస కూలీకీ స్థానికుడితో సమానంగా ఇవ్వాలని 1979 వలస కార్మికుల చట్టమే చెప్పింది. ఇప్పుడు దాన్నీ లేబర్ కోడ్‌లల్ల కలిపేసిన్రు. ఏ చట్టమైనా దానంతటది మిల్లు గేటు దాటదు. హమాలీలు బస్తా దించి కూసుంటేనే రేటు కదులుతది. మనం కూసున్నప్పుడు వాళ్లు మోస్తుంటే సమ్మె ఎన్ని రోజులు నిలబడుతది?

పొట్ట చేతబట్టుకొని హైదరాబాద్, ముంబై పోయిన మనోళ్లు ఎంతమంది లేరు! వానకాలం వడ్లు మిల్లుకు రాకముందే బీహార్ కూలీలను యూనియన్ మీటింగ్‌కు పిలువుండ్రి. హిందీ రాదంటరా? గోర్ బోలి మాట్లాడేటోళ్లకు అదేం దూరం కాదు.