బానెట్ ఎత్తే హక్కు

స్త్రీలు కారు నడపడాన్ని సమాజం దాదాపు ఒప్పుకుంది. బానెట్ ఎత్తడాన్ని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. స్టీరింగ్ ఇచ్చినవాళ్ళు యంత్రం గురించిన జ్ఞానాన్ని తమ దగ్గరే ఉంచుకున్నారు.

నా దగ్గరున్నది కార్బురేటర్ కాలం నాటి మారుతి 800. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. దానికున్నవి మూడే సిలిండర్లు, మూడే స్పార్క్ ప్లగ్గులు. ప్లగ్గులు విప్పి మసి తుడవడం, డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడడం, ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి కూలెంట్ సరిచూడడం, బ్యాటరీ తీగలు విప్పి తెల్లపొడిని వేడినీళ్ళతో కడగడం ఇంటి ముందే చేసుకుంటాను. కుట్టుమిషన్‌కు నూనె వేసి, దారం బిగువు సరిచేసే స్త్రీలకు ఇవేమీ కొత్తరకం పనులు కావు. అయినా వాళ్ళ పనిని ఎవరూ సాంకేతిక నైపుణ్యం అనరు. ఆ పేరు పనిని బట్టి కాక, చేసేవాళ్ళను బట్టి వస్తోందన్నమాట.

1888లో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో, భర్త తయారుచేసిన కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్ళింది. దారిలో ఇంధనపు గొట్టానికి అడ్డుపడినదాన్ని టోపీ పిన్నుతో తొలగించింది. అరవై ఏళ్ళ తర్వాత వచ్చిన మన 1948 ఫ్యాక్టరీల చట్టం, 22వ సెక్షన్‌లో, నడుస్తున్న ఇంజన్లకు నూనె వేయడం, శుభ్రం చేయడం స్త్రీలకూ, పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకూ నిషేధించింది. ఆ ప్రమాదం మగవాళ్ళకు లేదా? రక్షణ పేరుతో వయసొచ్చిన స్త్రీని పిల్లల్లో జమకట్టారు.

"ఇంటి చాకిరీ చాలదా, ఇదొకటా?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్ని రిపేర్లూ మనమే చేయాలని నేననడం లేదు. బ్రేకుల పని మెకానిక్‌కు అప్పగించాల్సిందే. చిన్నప్పటి నుంచి షెడ్డులో పనిచేసి నేర్చుకున్న అతని విద్యకు తగిన విలువ కట్టాల్సిందే. కానీ ఏ భాగం ఎందుకు మార్చాలంటున్నాడో తెలియనిదే బిల్లును ప్రశ్నించలేం. "సార్‌ని పంపండి మేడమ్" అంటే జవాబు చెప్పలేం. రాత్రివేళ ఊళ్ళ నుంచి తిరిగొచ్చే కార్యకర్తకు బండి ఎందుకాగిందో తెలియడం భద్రతకు సంబంధించిన విషయం.

స్త్రీలకు డ్రైవింగ్ నేర్పుతున్న సంస్థలు బానెట్ కింది పాఠాన్నీ శిక్షణలో చేర్చాలి. ఎక్కడికైనా వెళ్ళే స్వేచ్ఛ అడుగుతున్నాం. తీసుకెళ్ళే యంత్రం గురించి తెలుసుకోవడం ఆ స్వేచ్ఛలో భాగమే.