పలకలోని పుస్తకం ఎవరి సొత్తు?

యాభై దాటిన తర్వాత మాకు పుస్తకంతో పేచీ మొదలైంది. కళ్ళద్దాలు మార్చాము, దీపం మార్చాము. అక్షరం మాత్రం మసకబారుతూనే వచ్చింది. అది చూసి మా పెద్దబ్బాయి కిండిల్ అనే పలక ఒకటి కొని తెచ్చాడు. మొదట దానిని చిన్నచూపు చూసిన మాట నిజం. వారం తిరిగేసరికి ఆ చిన్నచూపు పోయింది.

ఫోను తెరలా దీని వెలుగు సూటిగా కంట్లోకి కొట్టదు. తెరలో అతి సన్నని గుళికలు, వాటిలో నల్లని, తెల్లని రేణువులు ఉంటాయి. విద్యుత్తు తగిలినప్పుడు రేణువులు పైకి తేలి అక్షరమవుతాయి. మళ్ళీ పేజీ తిప్పేదాకా అక్షరం నిలవడానికి కరెంటుతో పని లేదు. ఎండలో కూర్చున్నా చక్కగా కనిపిస్తుంది. అన్నిటికంటే మించి, అక్షరాన్ని కావలసినంత పెద్దది చేసుకోవచ్చు. మన ఇళ్ళలో పెద్దవారు చదవడం మానేసేది చాలాసార్లు శ్రద్ధ తగ్గి కాదు, చూపు తగ్గి. ఈ ఒక్క సంగతి కోసమైనా పిల్లలు దీనిని తల్లిదండ్రుల చేతిలో ఒకసారి పెట్టి చూడాలి.

అయితే ఈ సుఖం మాకు దక్కింది ఇంగ్లీషు పుస్తకాలతోనే. 2016లో అమెజాన్ సంస్థ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలను కిండిల్‌లోకి తెచ్చినప్పుడు తెలుగుకు చోటు దక్కలేదు. ఉర్దూ సంగతి మరీ చిత్రం. పాత ఉర్దూ పుస్తకాలు కాతిబ్ చేతిరాతను రాతి అచ్చుపై ముద్రించినవి. మాకు దొరికేవి వాటి ఫోటోలు. అక్షరం పెంచబోతే పేజీ అంతా పెరిగి అంచులు తెర దాటిపోతాయి. ప్రతి పంక్తినీ జరుపుకుంటూ చదవాలి. ఏ కంటి కోసం కొన్నామో ఆ కంటికే మళ్ళీ శ్రమ!

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. కిండిల్‌లో డబ్బు పెట్టి కొన్న పుస్తకం మన సొత్తు కాదు. చదువుకునే అనుమతి మాత్రమే మనది. 2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, హక్కులు లేనివారు అమ్మకానికి పెట్టారన్న కారణంతో, అమెజాన్ పాఠకుల కిండిళ్ళలోంచి దూరాన ఉండే తుడిచేసింది. డబ్బు వాపసు ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. కానీ అమ్మినవాడే వచ్చి బీరువాలోంచి పుస్తకం పట్టుకుపోవడం కాగితం కాలంలో ఎరుగుదుమా? అందులో ఒకటి, పాత రాతలను చెరిపేసే ప్రభుత్వం గురించిన '1984' కావడం విడ్డూరం.

మా అబ్బాజాన్ వదిలి వెళ్ళిన పుస్తకాల అంచుల్లో ఆయన పెన్సిలు రాతలున్నాయి. కొన్నింటిని మదరసాకు వక్ఫ్ చేశాము. నేటికీ అక్కడి పిల్లలు చదువుతున్నారు. పలకలోని పుస్తకాన్ని వక్ఫ్ చేయడం ఎలా? వక్ఫ్ చేయాలంటే ముందు అది మన సొత్తు కావాలి కదా.

ఇంగ్లీషు పుస్తకాలను పలకలోనే చదువుతున్నాము. తెలుగులో గానీ ఉర్దూలో గానీ పిల్లలకు మిగలాలనుకున్న పుస్తకం కనబడితే మాత్రం కాగితం ప్రతి కొని, మొదటి పేజీలో పేరు రాసి బీరువాలో పెడుతున్నాము.